గార్సియా: ఎలుగుబంటా, పడుచువాడా?

భాషాప్రియ: స్పెయిన్‌లో అందరికన్నా ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు గార్సియా. దీని మూలం ఉత్తర స్పెయిన్ ప్రాంతపు బాస్క్ భాషలో ‘ఎలుగుబంటి’ అనే అర్థమున్న ‘హార్ట్స్’ అని కొందరూ, ‘పడుచువాడు’ అనే అర్థమున్న ‘గస్తే’ అని కొందరూ వాదిస్తున్నారు. రెండో మాట చివర బాస్క్ ప్రత్యయం చేరితే ‘గస్తేఆ’ అవుతుంది. మధ్యయుగపు పత్రాల్లోని ‘గార్సేఆ’కు ఇది బాగా దగ్గరగా ఉంది కనుక నేను పడుచువాడి పక్షమే.

పదమూలం: ముగింపు కుదిరింది, ఒప్పుకుంటాను, కానీ ‘గస్తే’లో లేని రేఫ (‘ర’ ధ్వని) ‘గార్సేఆ’లోకి ఎలా వచ్చిందో మీరు చెప్పలేదు. ఎలుగుబంటి మాటలో ఆ రేఫ మొదటినుంచీ ఉంది. మొదటి హకారం గకారమెలా అయిందన్న చిక్కు మా వాదానికీ ఉంది, దాన్ని దాచను. అయినా జంతువుల పేర్లు మనుషులకు పెట్టుకోవడం ఆ ప్రాంతంలో వింత కాదు: ఒచోవా అనే ఇంటిపేరు ‘తోడేలు’ అనే అర్థమున్న బాస్క్ మాట ‘ఒత్సోఆ’ నుంచే వచ్చింది. అందుకే నేను ఎలుగుబంటి వైపు మొగ్గుతున్నాను.

భాషాప్రియ: రేఫ విషయంలో నా దగ్గర జవాబు లేదు. అయితే ఏది నిజమైనా మూలం బాస్కే కదా. అప్పుడు గార్సియాలందరూ బాస్క్ సంతతివారేనని అనుకోవచ్చా?

పదమూలం: అనుకోకూడదు, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ పొరపాటే. గార్సియా మొదట ఇంటిపేరు కాదు, మనిషికి పెట్టిన పేరు. 9వ శతాబ్దంలో ఉత్తర స్పెయిన్‌లోని పాంప్లోనాను ఏలిన రాజు గార్సియా ఇనిగెస్. 910 నుంచి 914 వరకు లెయోన్ రాజు కూడా గార్సియాయే. రాజుల పేరు కావడంతో అది బాస్క్ నేలను దాటి కాస్టీల్ వరకు పాకింది, ఒకరికొకరు ఏమీ కాని ఎందరో గార్సియాల బిడ్డలకు తండ్రి పేరే ఇంటిపేరుగా నిలిచింది. కొందరి విషయంలో మాత్రం ‘గార్సియా కొడుకు’ అనే అర్థంలో ‘గార్సేస్’ అయింది. మన ఇంటిపేర్లలో ఊళ్ల నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి కనుక, తండ్రి పేరే వంశానికి స్థిరపడిన ఈ పద్ధతి మనకు కొంత కొత్తగా తోస్తుంది.

ఒకప్పుడు స్పెయిన్ ఏలిన ఫిలిప్పీన్స్ సంగతి ఇంకా స్పష్టం. 1849లో గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా ఉత్తర్వుతో అక్కడి కుటుంబాలకు ఒక జాబితా నుంచి ఇంటిపేర్లు పంచారు. కాబట్టి అక్కడ స్పానిష్ ఇంటిపేరు ఉన్నంత మాత్రాన స్పానిష్ రక్తం ఉన్నట్టు కాదు. 1957 నుంచి 1961 వరకు ఆ దేశాధ్యక్షుడైన కార్లోస్ గార్సియా, అక్కడి స్థానిక ఇలోకానో జాతికి చెందిన తల్లిదండ్రుల బిడ్డ.

భాషాప్రియ: సంతతి గురించిన నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పడుచువాడిని మాత్రం, ఆ హకారం చిక్కు విడేదాకా వదలను.