వాట్సాప్ గ్రూపులో ఐక్యూ చార్టు పెట్టినాయనకి ఏం జవాబు చెప్పాలి?

ఫ్రిస్కో నాన్న
అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా కాలనీ తెలుగువాళ్ల గ్రూపులో మామూలుగా బియ్యం ఆఫర్లు, ఇండియా నుంచి వచ్చేవాళ్లెవరైనా మందులు తెస్తారా లాంటి మాటలే నడుస్తాయి. పోయిన వారం ఒక పెద్దాయన రెండు చార్టులు పెట్టారు. ఒకటి అమెరికాలో జాతులవారీగా ఐక్యూ: పైన ఆసియావాళ్లు, తర్వాత తెల్లవాళ్లు, ఆ తర్వాత హిస్పానిక్‌లు, అడుగున నల్లవాళ్లు. రెండోది ఇళ్ల ఆదాయాలు, దాదాపు అదే వరుస. కింద ఆయన మాట: "లెక్కలు అబద్ధం చెప్పవు. మనం పైన ఉన్నది ఊరికే కాదు." ఇక చప్పట్ల బొమ్మలే బొమ్మలు.

నాకు ఒళ్లు మండింది, కానీ ఏం రాయాలో తోచలేదు. "ఇది రేసిజం అండీ" అంటే "తిట్టడం కాదు, తప్పెక్కడుందో చూపించు" అంటారు. ఆ మాట న్యాయమే కదా. నేను డేటాబేసులు చూసుకునే మనిషిని, సైకాలజీ తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకో సంగతి, మా పాపకి వచ్చే నెల స్కూల్లో కోగాట్ పరీక్ష ఉంది (చురుకైన పిల్లలకి విడిగా నడిపే గిఫ్టెడ్ తరగతుల ఎంపికకి పెట్టేది), ఇంట్లో టెన్షన్ అంతా దాని గురించే. చార్టు చూసి మా ఆవిడ "మనవాళ్లకి ఈజీయేలే" అంది. అదీ నాకు మింగుడు పడలేదు.

పెదకాకాని కుర్రాడు
ఆ పెద్దాయన్ని మూడో చార్టు కూడా పెట్టమనండి. రిచర్డ్ లిన్, టాటు వాన్‌హానెన్ అనే ఇద్దరు 2002లో దేశాలవారీ ఐక్యూ పట్టికతో ఒక పుస్తకం వేశారు. దేశాలవారీ ఐక్యూ ఫార్వార్డులు చాలావాటికి మూలం అదే. ఐక్యూలో సగటు అంటే 100. అందులో ఇండియా అంకె 81. చప్పట్లు కొట్టినవాళ్లంతా అక్కణ్ణుంచి విమానం ఎక్కినవాళ్లే. "లెక్కలు అబద్ధం చెప్పవు" అని ఆయన మాటే ఆయనకి అప్పజెప్పి పాప్‌కార్న్ తెచ్చుకోండి.

బడి సైకాలజిస్టు
పైన ఆయన నవ్వించినా అసలు పాయింటు పట్టేశారు. నేను కాలిఫోర్నియా ప్రభుత్వ బళ్లలో స్కూల్ సైకాలజిస్టుని, ఇది నా తిండి పెట్టే సబ్జెక్టు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని విస్క్ అనే ఐక్యూ పరీక్ష పెడతాం. ఒక భాగంలో ఎరుపు, తెలుపు రంగుల దిమ్మలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటాం, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. ఇంకో భాగంలో మాటలకి అర్థాలు అడుగుతాం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి వినని ఒక పిల్లాణ్ణి, బాగా వెనకబడ్డాడని టీచర్ నా దగ్గరికి పంపింది. దిమ్మలు ఇస్తే చకచకా పేర్చేసి నా వంక చూశాడు, ఇంకా ఉన్నాయా అన్నట్టు. మాటల దగ్గరికి వచ్చేసరికి తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత విడిగా తెలుగులో అడిగితే గడగడా చెప్పాడు గానీ, రూలు ప్రకారం దానికి మార్కులు లేవు. అన్నీ కలిపి ఒక్క అంకె వేస్తే వాడు సగటుకి బాగా కింద. నేను రిపోర్టులో ఆ ఒక్క అంకె వేయలేదు, భాగాలు విడివిడిగా రాశాను. చార్టు గీసేవాళ్లకి ఆ ఒక్క అంకే కావాలి.

పరీక్ష దండగ అని మాత్రం అనను. పిల్లాడు చదువులో ఎక్కడ ఆగిపోతున్నాడో పట్టుకోవడానికి నా దగ్గర దీన్ని మించింది లేదు. నల్ల, తెల్ల అమెరికన్ల సగటుల మధ్య చాలాకాలం 15 పాయింట్ల దాకా తేడా కనబడిన మాటా నిజమే. తగువంతా ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందనే.

ఇప్పుడు మన సంగతి. సర్వేలు చేసే ప్యూ సంస్థ లెక్క ప్రకారం 2019లో అమెరికాలో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం దాదాపు 1,19,000 డాలర్లు, ఆసియా మూలాలున్న కుటుంబాలన్నిటికీ కలిపి 85,800. ఒక పట్టికలో 81, ఇంకో పట్టికలో అందరికంటే పైన. జనం ఒక్కరే. జాతే కారణమైతే ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? కుదరడానికి కారణం వీసా. 1965 దాకా మనకి ఇక్కడ తలుపు దాదాపు మూసే ఉంది, 1946 చట్టం ఇచ్చిన కోటా ఏడాదికి వందమంది. 1965లో చట్టం మార్చాక కూడా ఎక్కువగా రానిచ్చింది డిగ్రీ ఉన్నవాళ్లని, వాళ్ల బంధువుల్ని. ఎంసెట్ ర్యాంకు, జీఆర్‌ఈ, స్టాంపింగ్, హెచ్1బీ లాటరీ, ఇన్ని దాటినవాళ్లం మనం. 2019లో ఇక్కడి పెద్దవాళ్లయిన భారతీయుల్లో నూటికి 75 మందికి డిగ్రీ ఉంది. మా ఊళ్లో వీధికొకరు కూడా ఉండరు. వడపోసి తెచ్చిన జనాన్ని, వడపోత లేకుండా ఓడల్లో గొలుసులు వేసి తెచ్చినవాళ్ల మనవళ్ల పక్కన పెట్టి "జాతి" అంటే ఎలా?

నల్లవాళ్లకి జరిగినదేమీ పాత కథ కాదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీసి, నల్లవాళ్లుండే పేటలకి ఎర్ర రంగు వేసి, అప్పులకి పనికిరావని ముద్ర కొట్టింది. ఇల్లు కొనలేకపోతే పిల్లలకి ఇచ్చే ఆస్తి లేదు. ఇక్కడ బడి డబ్బుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచే వస్తుంది, కాబట్టి పేట పేదదైతే చాలాచోట్ల బడీ పేదదే. ఆ పెద్దాయన పెట్టిన ఆదాయాల చార్టుకి కొంత కారణం ఆ మ్యాపుల్లోనే దొరుకుతుంది.

"తెలివి వంశపారంపర్యం కదా" అంటారు. 1969లో ఆర్థర్ జెన్సెన్ అనే సైకాలజిస్టు హార్వర్డ్ పత్రికలో దాదాపు అదే రాశాడు. మరుసటి ఏడాదే, అంటే 1970లో, జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ దానికి జవాబిచ్చాడు. మన భాషలో చెప్తాను. ఒకే బస్తాలోంచి రకరకాల విత్తనాలు రెండు గుప్పిళ్లు తీసి, ఒకటి కాలవ మొదట్లో చేనుకి, ఒకటి నీళ్లందని శివారు చేనుకి చల్లండి. ఒక్కో చేలో మొక్కకీ మొక్కకీ తేడా విత్తనం వల్లే. చేనుకీ చేనుకీ తేడా మాత్రం అంతా నీళ్లదే. ఒక గుంపు లోపల తేడాలు ఎంత జన్యువుల వల్లైనా, రెండు గుంపుల మధ్య తేడా గురించి అది ఏమీ చెప్పదు. ఇది ఒప్పుకోకుండా, తెలివి వంశపారంపర్యమని ఎన్ని కవల పిల్లల అధ్యయనాలు చూపించినా లాభం లేదు.

ఆస్టిన్ స్టాట్స్
మేడమ్, బాగా రాశారు, కానీ ఇబ్బంది పెట్టేవి వదిలేశారు. మిన్నెసోటాలో తెల్ల కుటుంబాలు దత్తత తీసుకున్న పిల్లల సంగతి? ఒకే రకం ఇళ్లు, ఒకే రకం బళ్లు. 17 ఏళ్లప్పుడు కొలిస్తే తెల్ల దత్తపిల్లల సగటు 106 దగ్గర, తల్లిదండ్రుల్లో ఒకరే నల్లవారైన పిల్లలది 99 దగ్గర, ఇద్దరూ నల్లవారైన పిల్లలది 89. చేను ఒకటే కదా? నేను ఆ పెద్దాయన పార్టీ కాదు. కానీ మనకి నచ్చిన ఫలితాలే చెప్తే అది కూడా ఫార్వార్డే.

బడి సైకాలజిస్టు
మంచి ప్రశ్న. ఆ అధ్యయనం చేసిన స్కార్, వైన్‌బర్గ్‌లే దాని లోపం చెప్పారు: తల్లిదండ్రులిద్దరూ నల్లవారైన పిల్లలు మిగతావాళ్ల కంటే పెద్ద వయసులో, ఎక్కువ ఇళ్లు మారి దత్తతకి వచ్చారు. చేను ఒకటే, నాటిన అదను ఒకటి కాదు. ఇటు ఐఫెర్త్ అనే జర్మన్ సైకాలజిస్టు 1961లో ఇచ్చిన ఫలితం చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఎక్కువగా అమెరికన్ సైనికులకి, జర్మన్ తల్లులకి పుట్టిన పిల్లలు. తండ్రి తెల్లవాడైతే సగటు 97, నల్లవాడైతే 96.5. దీనికీ లోపాలున్నాయి, నల్ల సైనికుల్ని సైన్యం పరీక్ష పెట్టే తీసుకుంది. అందుకే ఒక్క అధ్యయనం మీద ఇల్లు కట్టను.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది న్యూజిలాండ్‌లో పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ లెక్క. 1932 నుంచి 1978 దాకా తెల్ల అమెరికన్ల స్కోర్లు దాదాపు 14 పాయింట్లు పెరిగాయి. అంటే 1978 కొలబద్దతో 1932 నాటి తెల్లవాళ్లని కొలిస్తే సగటు 86. ఇలాంటి చార్టుల్లో అడుగున చూపించే అంకె దరిదాపుల్లోనే. నలభై ఆరేళ్లలో జన్యువులు మారవు. నల్ల, తెల్ల తేడా కూడా 1972, 2002 మధ్య 4 నుంచి 7 పాయింట్లు తగ్గిందని ఫ్లిన్, డికెన్స్ 2006లో చూపించారు. తగ్గలేదని వాదించేవాళ్లూ ఉన్నారు, నాకు ఫ్లిన్ లెక్కే నమ్మకంగా ఉంది.

అంకెని తప్పుగా వాడితే ఏమవుతుందో మా రాష్ట్రమే చూసింది. శాన్‌ఫ్రాన్సిస్కో బళ్లలో 1970ల మొదట్లో నల్లపిల్లలు 28.5 శాతం. "మందబుద్ధి" తరగతుల్లో మాత్రం 66 శాతం. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, లారీ పి. కేసు. నల్లపిల్లల్ని ఐక్యూ పరీక్షతో ఆ తరగతుల్లో వేయకూడదని 1979లో జడ్జి రాబర్ట్ పెకమ్ తీర్పిచ్చారు. నేను ఉద్యోగంలో చేరగానే చెప్పిన మొదటి రూళ్లలో అదొకటి.

హనుమకొండ
ఆ పెద్దాయన తర్వాతి ఫార్వార్డు రిజర్వేషన్ల మీదే ఉంటుంది, పందెం. మా ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి రోజే "నీ ర్యాంకెంత" అని అడిగేవారు. అడిగేది ర్యాంకు కాదని అందరికీ తెలుసు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద చిక్కుదారి బొమ్మలు ఇచ్చి పోటీ పెట్టారు. కులం బయటపెట్టనప్పుడు అందరూ దాదాపు సమానంగా చేశారు. పేరుతోపాటు కులం కూడా చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం దాదాపు అయిదో వంతు తగ్గిపోయింది. పిల్లలు అలాంటివాళ్లే, పెన్సిళ్లు అవే.

ఫ్రిస్కో నాన్న
అందరికీ థాంక్స్. 81 సంగతి గ్రూపులో పెట్టాను. "ఆ పుస్తకం తప్పు, ఇండియా అంకె వాళ్లు సరిగా తీయలేదు" అన్నారు పెద్దాయన. మరి మిగతా అంకెలు సరిగా తీశారని మీకెలా తెలుసండీ అని అడిగాను. ఇంకా జవాబు లేదు, ఎవరో కొత్తిమీర ఆఫర్ పెట్టారు. మేడమ్, మరి మా పాప కోగాట్ సంగతి?

బడి సైకాలజిస్టు
కొంచెం ప్రాక్టీసు మంచిదే, ప్రశ్నల తీరు చూసి బెదిరిపోకుండా ఉంటుంది. కోచింగ్ సెంటరులో వేయకండి. ఒకటి మాత్రం అడిగి తెలుసుకోండి, మీ స్కూల్ డిస్ట్రిక్టు ఆ పరీక్ష అందరు పిల్లలకీ పెడుతుందా, టీచరో తల్లిదండ్రులో పేరిస్తేనే పెడుతుందా అని. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో 2005లో రెండో తరగతి పిల్లలందరికీ స్క్రీనింగ్ పెట్టేసరికి, గిఫ్టెడ్ తరగతులకి ఎంపికైన నల్లపిల్లలు 80 శాతం, హిస్పానిక్ పిల్లలు 130 శాతం పెరిగారని కార్డ్, జూలియానో అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అంతకుముందు వాళ్ల పేర్లు ఎవరూ ఇవ్వలేదు, అంతే. డబ్బుల్లేక స్క్రీనింగ్ ఆపేశాక మళ్లీ పాత కథే. మీది పేరిస్తేనే పెట్టే డిస్ట్రిక్టయితే, పేరెంట్స్ మీటింగులో అడగాల్సింది అదే.

రిపోర్టు వచ్చాక మొత్తం అంకె దగ్గర ఆగిపోవద్దు. వర్బల్, క్వాంటిటేటివ్, నాన్‌వర్బల్ మూడూ విడిగా ఇస్తారు. ఒకటి బాగా తక్కువుంటే ఇక్కడ రాయండి, చూద్దాం. మీ ఆవిడకి చెప్పండి, పరీక్ష ముందు రాత్రి తొందరగా పడుకోబెట్టమని.