సమస్యాపూరణం: ‘పేదవాఁడు గాని పేదవాఁడు’

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం:

‘పేదవాఁడు గాని పేదవాఁడు’

స్పానిష్‌లోని ‘పోబ్రె’ (పేద) అనే విశేషణం స్వభావం, అంటే చోటును బట్టి అర్థం మారడం, పూరణలో పలకాలన్నది నియమం. ఆ భాషలో ‘ఓంబ్రె’ అంటే మనిషి. ‘ఓంబ్రె పోబ్రె’ డబ్బు లేనివాడు. ‘పోబ్రె ఓంబ్రె’ మాత్రం, ఇంట ఎంత సొమ్మున్నా, చూసినవారు అయ్యో పాపం అనుకొనేవాడు.

మొదటి పూరణ:

నామమునకు ముందు నడచిన పోబ్రెయు
జాలిఁ దెలుపు, వెనుకఁ జనిన లేమి;
ధనము కలిగి కూడ దయనీయుఁ డగువాఁడు
పేదవాఁడు గాని పేదవాఁడు.

సమీక్ష: ఆర్యా, పూరణ బాగున్నది. తెలుగులో విశేషణం ఎప్పుడూ నామానికి ముందే ఉంటుంది కనుక, స్పానిష్‌వారు చోటు మార్చి సాధించే భేదాన్ని మనం ‘పాపం’ అనే వేరే మాటతో చెప్పుకోవలసి వస్తుంది; ఆ కిటుకును మీరు రెండు పాదాలలో ఇమిడ్చారు. ‘పోబ్రెయు’లోని ‘యు’ పాదపూరణకే వచ్చింది. ‘పోబ్రెయే’ అంటే రగణమై గణం చెడదు, ఒకే మాట రెండర్థాలిస్తున్నదన్న ఊనికా దక్కుతుంది.

రెండవ పూరణ:

మేడ, తోట, పైఁడి మెండుగా నుండినన్
కొడుకుఁ గోలుపోయి మనసు విరిగి,
పొరుగువారు పలుకఁ ‘బోబ్రె హువానుఁ’డై
పేదవాఁడు గాని పేదవాఁడు.

సమీక్ష: భావం కదిలించింది. రెండవ పాదంలో ‘కొ’కు ‘మ’తో యతి చెల్లదు, ‘గుండె పగిలి’ అని సవరించండి. ‘హువానుఁడు’ అన్న పేరు స్పానిష్‌లో ‘హ్వాన్’ అని ఒకే అక్షరంగా పలికినా, ఛందస్సు కోసం విడదీయడం ఆమోదయోగ్యమే. మామూలు వాక్యంలో ముందు ‘ఎల్’ అనే ఉపపదం చేర్చి ‘ఎల్ పోబ్రె హ్వాన్’ అంటారు గాని, పొరుగువారు నిట్టూర్చేటప్పుడు ‘ఎల్’ ఉండదు, అందువల్ల మీ ప్రయోగం సరైనదే.

ఒక సభ్యుని ప్రశ్న: ‘హ్వాన్ ఎస్ పోబ్రె’ అంటే ఏ అర్థం?

సమాధానం: అక్కడ ‘పోబ్రె’ విధేయం (హ్వాన్ ఎలాంటివాడో చెప్పే వాక్యభాగం; ‘ఎస్’ అంటే ‘ఉన్నాడు, అయి ఉన్నాడు’), కనుక డబ్బు లేదనే అర్థం. అయితే జాలికి ప్రతిసారీ నామం అవసరం లేదు. స్పెయిన్‌లోని పాంప్లోనాలో సాన్ ఫెర్మిన్ ఉత్సవాలు జూలై 14 అర్ధరాత్రి ముగిసేటప్పుడు, జనం కొవ్వొత్తులు పట్టుకొని, పండుగ అయిపోయిందని ‘పోబ్రె దె మీ’, అంటే ‘అయ్యో నేను’, అని పాడుకొంటారు. ఆ ఘట్టంతో మూడవ పూరణ ఎవరైనా పంపితే సంతోషిస్తాను.