‘తీరం దాటింది’ అంటే గండం దాటినట్టేనా?

‘తుఫాను తీరం దాటింది’ అని వార్తల్లో వినగానే నాకు హమ్మయ్య అనిపిస్తుంది. గండం దాటింది, గడువు దాటింది... మనకు దాటిందంటే అయిపోయినట్టే కదా. తీరా చూస్తే అసలు గాలి, ఉప్పెన వచ్చేది అప్పుడేనట. తప్పు మాటదా, నా చెవిదా?

జవాబు: మాటది కాదండీ. గడప దాటి బయటికి పోతాం, గడప దాటే లోపలికీ వస్తాం. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే లెక్క. వాతావరణ శాఖ వాళ్లు తుఫాను వెంట సముద్రం వైపు నుంచి వస్తారు, మనం ఒడ్డున కూర్చుని వింటాం. తుఫాను కేంద్రం తీరం మీదికి రావడమే వాళ్ల దృష్టిలో దాటడం. వెనక సగం ఇంకా నీళ్ల మీదే ఉంటుంది. కేంద్రంలో ఉండే ప్రశాంతమైన భాగాన్ని తుఫాను ‘కన్ను’ అంటారు, సాధారణంగా 30 నుంచి 65 కిలోమీటర్ల వెడల్పు. అది నెత్తి మీదికి వచ్చినప్పుడు గాలి దాదాపు పడిపోతుంది. ‘దాటింది’ అని విని తలుపు తీశామా, కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ అదే గాలి.

ఇంకొకరు: ‘తీరాన్ని తాకింది’ అంటే సరిపోదా?

జవాబు: తాకేది ముందు అంచు, దాటేది కేంద్రం. మధ్యలో గంటలు గడుస్తాయి. అందుకే ‘తీరం దాటే ప్రక్రియ మొదలైంది’ అని ఆ పొడుగు వాక్యం. వినడానికి బాగోదు గానీ నిజం అదే.

ఇంకొకరు: ‘ఒడ్డెక్కింది’ అందాం, అచ్చ తెలుగు.

జవాబు: పాపం, తుఫాను కష్టాల్లోంచి బయటపడిందనుకుంటారు!

ఇంకొకరు: నన్నడిగితే ‘బలహీనపడి వాయుగుండంగా మారింది’ అన్నది ఇంకా ప్రమాదం. భారత వాతావరణ శాఖ లెక్కలో వాయుగుండం గాలి గంటకు 31–49 కిలోమీటర్లు, తుఫాను 62 నుంచి మొదలు. ఈ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవి, వాన గురించి ఒక్క ముక్క చెప్పవు. నేల మీదికొచ్చాక సముద్రపు వేడి, తేమ అందక గాలి నీరసిస్తుంది. వాన మాత్రం రోజుల తరబడి కురవచ్చు. చాలాసార్లు వరద తెచ్చేది ఈ ‘బలహీనుడే’.

అడిగినవారు: మరి ఉప్పెన? దాటిన చోటే వస్తుందా?

జవాబు: సరిగ్గా అక్కడే కాదు. మన ఉత్తరార్ధగోళంలో తుఫాను వెళ్లే దిక్కుకు కుడి పక్కన ఎక్కువ. అటువైపే గాలి నీళ్లను ఒడ్డు మీదికి నెడుతుంది. ‘ఫలానా ఊరి దగ్గర దాటుతుంది’ అంటే అందరూ ఆ ఊరి పేరే పట్టుకుంటారు, నీళ్లేమో పక్క ఊళ్లోకి వస్తాయి.

అడిగినవారు: అయితే ఈసారి ‘దగ్గర’ మీద ఇంకో పోస్టు పెడతాను.