పోలీసుల పాత .303 రైఫిళ్లు: కరిగించాలా, సేకరించేవాళ్లకు ఇవ్వాలా?

హన్మకొండ పాతసామాను
2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో ఉత్తరప్రదేశ్ పోలీసులు .303 రైఫిల్‌ను సాగనంపారు. ఎస్ఎల్ఆర్, ఇన్సాస్ అనే కొత్త రైఫిళ్లు వచ్చాక అది చాలాచోట్ల మూలన పడిందే. కండెం చేసినవాటిని, అంటే ఇక పనికిరావని తేల్చినవాటిని, ముక్కలు చేసి కరిగించే బదులు, గొట్టం కోసి, బోల్టు వెల్డింగ్ చేసి, వేలం వేయొచ్చు కదా? అమెరికాలో చట్టంతో ఏర్పడిన సంస్థే సైన్యం వాడిన ఎం1 గరాండ్ రైఫిళ్లను జనానికి అమ్ముతోంది, అదీ పేలేవి. నేను పేలనిదే అడుగుతున్నా.

నా దగ్గరున్నవన్నీ చిల్లర సామాన్లు: భుజానికి తగిలించే కాన్వాస్ పట్టీలు, బట్‌లో (భుజానికి ఆనించే చెక్క భాగంలో) దాచే ఇత్తడి నూనె సీసాలు, ఐదు తూటాలు పట్టే ఖాళీ క్లిప్పులు. అసలు వస్తువు మాత్రం ముట్టుకోలేను. బోల్టు వెనక ఇనుము మీద కిరీటం, కింద జి.ఆర్.ఐ. అని జార్జి రాజు ముద్ర ఉండి, బెంగాల్‌లోని తుపాకుల ఫ్యాక్టరీ ఇషాపూర్ పేరుంటే అది బ్రిటిష్ కాలంలో మన దేశంలో తయారైంది. ఏ సంవత్సరమో కూడా అక్కడే ఉంటుంది. మ్యాగజీన్ ముందు చెక్కలో అడ్డంగా మర బిగించి ఉంటే, చెక్క పగలకుండా ఇషాపూర్‌లో వేసిందని అర్థం. ఇంత కథ కొలిమి పాలు చేస్తారా?

కాజీపేట వకీలు
తమ్ముడూ, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45(సి) చూడు. పాతకాలపు ఆయుధానికి మినహాయింపు ఉంది, కానీ రిపేరు చేసినా పేలని స్థితిలో ఉండాలి. గొట్టం మారిస్తే పేలుతుందని ఎవరైనా కేసు పెడితే, పేలదని చెప్పుకుంటూ కోర్టు చుట్టూ తిరిగేది నువ్వే. ఇక మామూలు .303కి లైసెన్సు అంటావా, అది కమిషనర్ చేతిలో లేదు, ఢిల్లీలో హోంశాఖ చూసుకుంటుంది. 2019 సవరణతో లైసెన్సున్న మనిషికి కూడా తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఇందులో కలెక్షన్ ఎక్కడ పెడతావు?

చేర్యాల అక్క
చట్టం సంగతి మీరు చూసుకోండి. మా వైపు బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడ్డప్పుడు, బురుజెక్కిన మా వాళ్ల చేతిలో ఉన్నవి బర్మార్లు (గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకులు), వడిసెలలు. అవతల ఉన్నవి రైఫిళ్లు. వాటిని ఎవరో డ్రాయింగ్ రూమ్‌లో లైటు పెట్టి వేలాడదీస్తే నాకు నచ్చదు. బురుజు పక్కన చిన్న మ్యూజియం కట్టి ఒకటి పెట్టమనండి, ఒప్పుకుంటా.

హన్మకొండ పాతసామాను
పెట్టాల్సిందే అక్కా. కానీ ఏది పెడతారు? .303 బ్రిటిష్ సైన్యం దగ్గరా ఉంది, 1948 సెప్టెంబర్‌లో వచ్చిన భారత సైన్యం దగ్గరా ఉంది. ఆ ఏడాదే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి నిజాం రాజ్యానికి విమానాల్లో ఆయుధాలు దింపాడు. అన్నీ చూడ్డానికి ఒకటే. కాగితం లేకపోతే అమ్మేవాడు ఏ కథ చెబితే అదే చరిత్ర. "రజాకారు తుపాకీ" అంటే రేటు పెరుగుతుంది, అంతే.

రిటైర్డ్ ఏఆర్
ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, నేను మోసిన తుపాకీ అది. నాలుగు కిలోలు, బందోబస్తు పొద్దంతా. ప్రేమేమీ లేదు, మ్యూజియంలో పెట్టినా కరిగించినా నాకు ఒకటే. కానీ మీరంతా ఇనుము గురించే కొట్టుకుంటున్నారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసుల ఆయుధాల గదిలో, ఇష్యూ రిజిస్టర్ ఉంటుంది: ఏ బట్ నంబరు ఏ జవానుకు, ఏ రోజు, ఎన్ని తూటాలతో ఇచ్చారో, ఎప్పుడు తిరిగి జమ చేశారో. తమ్ముడు అడిగిన కాగితం అదే. తుపాకీని కండెం చేయడానికి బోర్డు కూర్చుంటుంది, పాత రిజిస్టర్‌ను ఎవరు పట్టించుకుంటారు? చిత్తు కాగితాల్లో కలిస్తే ఇక మీ కిరీటం ముద్ర పుట్టిన ఊరు చెబుతుంది తప్ప బతికిన ఊరు చెప్పదు.

కాజీపేట వకీలు
ఆ రిజిస్టర్ దొరికే దారి ఉంది. వాడుకలో ఉన్న ఆయుధాల వివరాలు అడిగితే భద్రత అంటారు. కండెం అయినవాటివే, ఏ సంవత్సరాలవో రాసి ఆర్టీఐ వేయి.

హన్మకొండ పాతసామాను
వేస్తా సార్. వేలం మాట మాత్రం వెనక్కి తీసుకోను. రిజిస్టర్ నకలు జతచేసి అమ్మితే ఇంకా మంచిది.

చేర్యాల అక్క
నకలు మ్యూజియానికి, తుపాకీ నీకా? తెలివైనోడివే.

రిటైర్డ్ ఏఆర్
రాసేటప్పుడు బట్ నంబరు, బాడీ నంబరు రెండూ అడుగు. బట్ నంబరు పెయింట్‌తో వేసేది, యూనిట్ మారితే అదీ మారుతుంది. ఇనుము మీద కొట్టిన బాడీ నంబరుతోనే వెతకాలి.