మ్యూసిన్ జెల్‌లోకి దిగట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

గుంటూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ప్రాజెక్టు పొట్ట లోపలి జిగురు పొర మీద, అంటే అందులోని గ్యాస్ట్రిక్ మ్యూసిన్లు అనే ప్రోటీన్ల మీద (ఇంత కారం తినే మా ఊళ్లో ఇంతకంటే పనికొచ్చే టాపిక్ ఏముంటుంది!). ఎండోస్కోపీలో తీసిన గ్యాస్ట్రిక్ జ్యూస్ అనుమతితోనే దొరికింది. దాన్ని మామూలు ఎస్‌డీఎస్ పేజ్‌లో (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్) రన్ చేస్తే వెల్ (శాంపిల్ పోసే గుంట) అంచునే సన్నటి నీలం గీత, కింద అలికినట్టు మసక, అంతే.

కారణం కొంత అర్థమైంది. మ్యూక్ 5ఏసీ అనే పొట్ట మ్యూసిన్ ఒక్క గొలుసులోనే 5 వేలకు పైగా అమైనో ఆమ్లాలు, మధ్యలో సెరీన్, త్రియోనిన్‌లకు చక్కెరలు సీసాలు కడిగే బ్రష్‌లా దట్టంగా అతుక్కుని ఉంటాయి, పైగా చివర్లలోని సిస్టీన్లు డైసల్ఫైడ్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అంత పెద్దది ఆ జెల్ రంధ్రాల్లోంచి ఎలా దిగుతుంది? చక్కెరల వల్ల ప్రోటీన్లకు వేసే కూమాసీ నీలం రంగు కూడా సరిగా పట్టదు.

అందుకే రంధ్రాలు పెద్దగా ఉండే అగరోజ్ జెల్ వేసి, చక్కెరలకు పట్టే పీఏఎస్ స్టెయిన్ చేద్దామనుకుంటున్నా. అగరోజ్ 1 శాతం సరిపోతుందా? డైసల్ఫైడ్ బంధాలు తెంపే డీటీటీ వేసిందీ వేయనిదీ పక్కపక్కన పెట్టాలా?

అసలు టెన్షన్ పొట్టలో ప్రోటీన్లను అరిగించే ఎంజైమ్ పెప్సిన్‌తో. చక్కెరలు లేని చోట అది ప్రోటీన్‌ని కోసేస్తుంది కదా, మరి ఆ మసక అంతా ముక్కలేనా? శాంపిల్ రాగానే పీహెచ్ 7 దాటించి, పెప్సిన్‌ని అడ్డుకునే పెప్‌స్టాటిన్ వేస్తే ఆగుతుందా? పీఎంఎస్ఎఫ్ అనే ఇంకో ఇన్హిబిటర్ చాలంటున్నారు మా సీనియర్లు, కానీ అది సెరీన్ ప్రోటియేజ్‌లకే (ప్రోటీన్లను కోసే ఇంకో రకం ఎంజైమ్‌లు) కదండీ, పెప్సిన్ ఆ రకం కాదు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ల్యాబుల్లో ఈ పని చేసినవాళ్లుంటే మీ బఫర్ రెసిపీ పెట్టండి.