ఇది శిలాజమేనా? దొరికినవాటి వివరాలు పెట్టండి, కలిసి తేలుద్దాం

రాళ్లబాట:
అందరికీ నమస్కారం. సున్నపురాయి తవ్వి వదిలేసిన ఒక పాత గనిలో, యజమానిని అడిగి, లోపలికి వెళ్లి, మూడు రాళ్లు ఏరుకొచ్చాను. ఒకటి చుట్ట తిరిగి ఉంది, అరచేతిలో పడుతుంది, దాని మీద అడ్డంగా ఉబ్బెత్తు గీతలున్నాయి. రెండోది పిడికిలంత ఉంటుంది, నున్నగా గుండ్రంగా ఉంది. ఇంట్లో అందరూ డైనోసార్ గుడ్డు అంటున్నారు. మూడోది పలక ముక్క, దాని మీద నల్లగా చిన్న మొక్క ముద్ర. వీటి పేర్లు తెలుసుకోవడం ఎలా? ఫోటోలు పెట్టాను.

గవ్వలగూడు:
స్వాగతం అండీ. ముందు చుట్ట సంగతి చూద్దాం. అది అమ్మోనైటా (చుట్ట తిరిగిన గుల్ల ఉండే, అంతరించిపోయిన సముద్రజీవి), మామూలు నత్తగుల్లా అన్నది తేలాలి. మీ ఫోటో పైనుంచి ఒక్కటే ఉంది కాబట్టి మూడు విషయాలు మీరే చూసి చెప్పండి. రాయిని తిప్పి రెండు వైపులా చూడండి. రెండు వైపులా మధ్యభాగం ఒకేలా లోపలికి ఉంటే చుట్ట ఒకే తలంలో తిరిగిందన్నమాట, అది అమ్మోనైట్ లక్షణం. నత్తగుల్ల అయితే సాధారణంగా ఒక వైపు మొనదేలి పైకి లేస్తుంది. రెండోది, పైగుల్ల ఊడిపోయిన చోట లోపలి గదుల గోడలు బయటి గుల్లను తాకిన గీతలు కనిపిస్తాయేమో చూడండి. వాటినే సూచర్లు అంటారు. గుల్ల ఉన్న చోట అవి కనబడవు. నత్తగుల్లలో ఇలా వరసగా గదులుండవు. మూడోది, ఎక్కడైనా విరిగి ఉంటే ఆ అడ్డుకోత ఫోటో పెట్టండి. పైనుంచి తీసిన ఫోటోలు పది పెట్టినా అడ్డుకోత ఒక్కటి చెప్పినంత చెప్పవు.

రాళ్లబాట:
రెండు వైపులా ఒకేలా ఉందండీ. ఒక మూల గుల్ల లేదు. అక్కడ భూతద్దంలో చూస్తే సన్నటి గీతలు మెలికలు మెలికలుగా, చామంతి ఆకు అంచులా ఉన్నాయి.

గవ్వలగూడు:
అయితే అమ్మోనైటే, సంతోషం! ఆ మెలికల్లోనే చాలా సమాచారం ఉంది. గీత మామూలు వంపుగా ఉంటే అమ్మోనైట్ల చుట్టమైన నాటిలాయిడ్ వైపు వెళ్లాలి. పళ్లు లేని వంకరటింకర గీత అయితే గోనియటైట్ రకం, అవి భూచరిత్రలో డెవోనియన్ కాలం నుంచి పెర్మియన్ కాలం దాకా బతికాయి. ఒకవైపు మడతలు నున్నగా, రెండోవైపు పళ్లు పళ్లుగా ఉంటే సెరటైట్ రకం, అది ఎక్కువగా ఆ తర్వాతి ట్రయాసిక్‌లో కనిపిస్తుంది. మీరు చెప్పినట్టు రెండు వైపులా ఆకు అంచులా చీలి ఉంటే చాలావరకు ఇంకా తర్వాతి జురాసిక్ లేదా క్రెటేషియస్ కాలం. అంటే మీ చేతిలో ఉన్న జీవి కనీసం 6.6 కోట్ల ఏళ్ల నాటిది, ఎందుకంటే అమ్మోనైట్లు డైనోసార్లతో పాటే అంతరించాయి.

జాతి పేరు మాత్రం ఇప్పుడే రాయకండి. ముందు ఆ ప్రాంతపు భూగర్భ పటం తీసి అక్కడి రాళ్ల వయసు చూడండి. అది తెలిస్తే సగం పేర్లు వాటంతటవే పోతాయి.

పొరలమధ్య:
మూడో రాయి గురించి నేను చెప్తాను. ఫోటో పెద్దది చేసి చూశాను. అది మొక్క కాదు, డెండ్రైట్. రాతి పగుళ్లలోకి చేరిన నీటిలోని మాంగనీస్ ఆక్సైడ్ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటే ఇలా తయారవుతుంది. ఎలా చెప్తున్నానంటే, ఫెర్న్ ఆకైతే మధ్యలో ఈనె ఉండాలి, దానికి అటూ ఇటూ చిన్న ఆకులు ఒక వరసలో రావాలి. మీ దాంట్లో ఈనె లేదు, ఆకు వెడల్పూ లేదు, కొమ్మలు ఎటు పడితే అటు చీలుతున్నాయి. ఇంకో గుర్తు: ఆకు శిలాజం రాతి పొరల వెంట పడి ఉంటుంది. డెండ్రైట్ పొరలను అడ్డంగా కోసే పగులు మీద కూడా వస్తుంది, సాధారణంగా ఆ పగులు అంచు నుంచే మొదలై లోపలికి పాకుతుంది. మీ పలకను పక్కనుంచి చూడండి, పొరల గీతలు ఆ ముద్రకు అడ్డంగా పోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

అయినా పారేయకండి. శిలాజంలా కనిపించి మోసం చేసే రాళ్లకు ఒక డబ్బా పెట్టుకుంటే కొత్తగా వచ్చేవాళ్లకు చూపించడానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

బొగ్గుగీత:
గుడ్డు విషయం. ఇంట్లో వాళ్ల ఉత్సాహం అర్థమవుతుంది కానీ గుండ్రంగా ఉన్న ప్రతి రాయీ గుడ్డు కాదు. అసలైన గుడ్డు శిలాజానికి పైన పలచటి పెంకు పొర ఉంటుంది, చాలావరకు కొద్ది మిల్లీమీటర్ల మందమే. దాని మీద భూతద్దంలో సన్నటి రంధ్రాలో బొడిపెలో కనబడతాయి. మీ రాయికి పెంకు పొరే లేదు. పైగా అమ్మోనైట్ దొరికిన రాయి సముద్రం అడుగున ఏర్పడింది, డైనోసార్లు గుడ్లు పెట్టింది నేల మీద. ఇది కాంక్రీషన్ అయి ఉంటుంది, అంటే ఒక కేంద్రం చుట్టూ ఖనిజం పేరుకుని గట్టిపడిన ముద్ద.

కానీ ఆ కేంద్రంలో ఏముందన్నదే అసలు ఆసక్తి. అమెరికాలోని ఇల్లినాయిలో మేజన్ క్రీక్ అనే చోట ఇలాంటి ముద్దల్లోనే ఫెర్న్ ఆకులు, పురుగులు, మెత్తటి శరీరాల జీవులు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి. సుత్తితో కొట్టకండి. అక్కడ శిలాజాలు ఏరేవాళ్లు నీళ్లలో నానబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, మళ్లీ బయట పెట్టి, అలా తిరగామరగా చేస్తారు. లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచించి బలహీనమైన తలం వెంట రాయిని విడదీస్తుంది. శిలాజం ఉంటే ఆ బలహీన తలం తరచుగా దాని వెంటే ఉంటుంది. ఓపిక కావాలి, అంతే.

అలలతీరం:
మేజన్ క్రీక్ పేరు వచ్చింది కాబట్టి. ఫ్రాన్సిస్ టలీ అనే ఆయన, పైపులు బిగించే పనివాడు, 1950లలో అక్కడ ఒక వింత జీవిని చూసి చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంకి తీసుకెళ్లాడు. అక్కడి నిపుణులకూ అదేమిటో తెలియలేదు. 1966లో టలిమాన్‌స్ట్రమ్ అని పేరైతే పెట్టారు కానీ అది వెన్నెముక ఉన్న జీవా కాదా అన్న గొడవ ఇంకా నడుస్తోంది. 2016లో అవునన్నారు, 2023లో మరో బృందం కాదంది. కాబట్టి మన దగ్గర ఉన్న ముక్కకు పేరు దొరకలేదని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

పూసలపెట్టె:
ఎముకా, రాయా ఎలా చెప్పాలి? నాలుక తగిలిస్తే అంటుకుంటే ఎముకే అని చాలా చోట్ల చదివాను.

పొరలమధ్య:
ఆ పరీక్ష వెనక కారణం నిజమే. ఎముకలో సన్నటి రంధ్రాలు తడిని పీలుస్తాయి కాబట్టి అంటుకుంటుంది. కానీ ఎండిన బంకమట్టి కూడా అంటుకుంటుంది, ఖనిజం పూర్తిగా నిండిపోయిన ఎముక అస్సలు అంటుకోదు. పైగా నేల మీద పడి ఉన్నదాన్ని నోటితో తాకడం ఆరోగ్యానికి మంచిది కాదు. పదిరెట్ల భూతద్దం కొనుక్కోండి, విరిగిన అంచు చూడండి. లోపల స్పాంజిలా అల్లుకున్న గదులు, బయట దట్టమైన పొర కనిపిస్తే ఎముక. మొత్తం ఒకే తీరుగా ఉంటే రాయి.

పూసలపెట్టె గారూ, మీ పేరు చూసి అడుగుతున్నాను, మీ దగ్గర క్రైనాయిడ్లు ఉన్నాయా?

పూసలపెట్టె:
సరిగ్గా కనిపెట్టారు! నా సేకరణలో సగం అవే. మధ్యలో రంధ్రంతో చిన్న చిన్న గుండ్రటి బిళ్లలు, అవన్నీ క్రైనాయిడ్ కాడ ముక్కలు. చాలామంది అది మొక్క అనుకుంటారు కానీ నక్షత్రచేపలకు చుట్టం. కొన్ని ఐదు కోణాల నక్షత్రంలా ఉంటాయి, అవి చూసి కొత్తవాళ్లు నక్షత్రచేప అని పోస్ట్ పెడుతుంటారు. బిళ్ల అంచున సన్నటి గాట్లు ఉంటాయి, ఒక బిళ్ల గాట్లలో ఇంకొకటి కూర్చుంటుంది. అది చూడగానే గుర్తుపట్టేయొచ్చు.

అలాగే రెండు చిప్పల గుల్ల దొరికితే ఆల్చిప్పా, బ్రాకియోపాడా (ఆల్చిప్పలా కనిపించే వేరే సముద్రజీవి) అన్న సందేహం అందరికీ వస్తుంది. చిప్పకు మధ్యలో నిలువుగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు ఎడమ, కుడి రెండూ ఒకేలా ఉంటే బ్రాకియోపాడ్. అలా కాకుండా ఒక చిప్పకు రెండో చిప్ప అద్దంలో బింబంలా ఉంటే ఆల్చిప్ప జాతి. ఆల్చిప్పల్లో కొన్ని దీనికి లొంగవు, ముత్యపు చిప్పల్లాంటివి, కానీ మొదటి చూపుకి ఇది బాగా పనికొస్తుంది.

రాళ్లబాట:
చాలా థ్యాంక్సండీ అందరికీ. అమ్మోనైట్ మీద ఇంకా మట్టి పట్టి ఉంది. వెనిగర్‌లో నానబెడితే పోతుందని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?

గవ్వలగూడు:
వద్దు! దయచేసి వద్దు. సున్నపురాయి వెనిగర్‌లో ఎందుకు కరుగుతుందో, అందులోని గుల్ల కూడా అందుకే కరుగుతుంది. రెండూ కాల్షియం కార్బోనేటే. గుల్ల సిలికాగా మారిపోయిన శిలాజాలకే ఆమ్లం పద్ధతి నప్పుతుంది, అదీ తెలిసినవాళ్ల చేతిలో. మీరు నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్, సన్నటి వెదురుపుల్ల వాడండి. గట్టిగా పట్టిన మట్టిని తడిపి, కాసేపు ఆగి, మళ్లీ తడిపి తీయండి. ఒక ముక్క ఊడితే సూపర్‌గ్లూ పెట్టేయకండి, తర్వాత దాన్ని విడదీయడం నరకం. మ్యూజియంలవాళ్లు పారలాయిడ్ బీ-72 అనే ప్లాస్టిక్ గింజల్ని అసిటోన్‌లో కరిగించి వాడతారు. మళ్లీ అసిటోన్ తగిలిస్తే ఊడి వచ్చేస్తుంది, అదే దాని గొప్ప. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి.

ఇంకోటి. శిలాజం మీద బంగారు మెరుపు ఉంటే అది పైరైట్, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తేమ తగిలితే తెల్లటి పొడి వచ్చి, గంధకం వాసన వేసి, పగిలి రాలిపోతుంది. ఆ డబ్బాలో సిలికా జెల్ పెట్టి మూత బిగించాలి. పక్కనున్న లేబుల్ కాగితాన్ని కూడా అప్పుడు పుట్టే ఆమ్లం తినేస్తుంది, చూసుకోండి.

అలలతీరం:
లేబుల్ మాట వచ్చింది కాబట్టి, ఇంతసేపూ నేను చెప్పాలనుకున్నది ఇదే. పేరు తర్వాతైనా వస్తుంది, తప్పైతే దిద్దుకోవచ్చు. ఎక్కడ దొరికిందో మాత్రం ఆ రోజే రాసుకోవాలి, మర్చిపోతే ఇక ఎవరూ చెప్పలేరు. స్థలం, వీలైతే జీపీఎస్ అంకెలు, ఏ పొర, పొరలోనే ఉందా లేక కింద రాలి పడిందా, తేదీ, తీసిందెవరు. ఇవి లేని అమ్మోనైట్ అందమైన వస్తువే, కానీ పరిశోధకుడికి దాదాపు పనికిరాదు. రాయి మీదే ఒక మూల చిన్న అంకె వేసి, అదే అంకె నోట్‌బుక్‌లోనూ రాయండి. లేబుల్ కాగితం ఎక్కడో పోయినా రాయి అనాథ కాదు.

దీని విలువ తెలియాలంటే ఇంగ్లండ్ సంగతి చూడండి. 2016లో శిలాజాలు ఏరే ఒకాయన లిల్‌స్టాక్ తీరంలో పెద్ద దవడ ఎముక ముక్కలు ఏరాడు. 2020లో బ్లూ యాంకర్ అనే మరో తీరంలో 11 ఏళ్ల అమ్మాయి తన తండ్రితో వెళ్లి అలాంటివే చూసింది. ఎవరి ముక్క ఏ తీరంలో ఏ పొర నుంచి వచ్చిందో స్పష్టంగా ఉండబట్టే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చగలిగారు. 2024లో ఇక్తియోటైటన్ అనే కొత్త జీవిగా ప్రకటించారు, దాదాపు 20 కోట్ల ఏళ్ల కిందటి సముద్ర సరీసృపం, సుమారు 25 మీటర్ల పొడవని అంచనా. ఇద్దరూ మనలాంటి ఔత్సాహికులే. నాకు ఇది తలచుకుంటేనే ఎంతో ఆనందంగా ఉంటుంది.

బొగ్గుగీత:
నూటికి నూరుపాళ్లు నిజం. ఒక మాట కలుపుతాను. ఎముకలు వరసగా, ఒకదానికొకటి అతుక్కుని నేలలోంచి కనిపిస్తే తవ్వకండి. ఫోటోలు తీసి, స్థలం రాసుకుని, దగ్గరి మ్యూజియానికో భూగర్భ శాఖకో చెప్పండి. ఒక ఎముకకూ పక్క ఎముకకూ మధ్య ఎంత దూరం, ఏ కోణం అన్నది కూడా సమాచారమే, తవ్వితే అది పోతుంది. చట్టాలు కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో వెన్నెముక జీవుల శిలాజాలు అనుమతి లేకుండా ముట్టకూడదు, 2009 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది. మంగోలియా నుంచి దొంగతనంగా వెళ్లిన టార్బోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం 2012లో న్యూయార్క్‌లో వేలానికి వస్తే, కోర్టు దాకా వెళ్లి 2013లో వెనక్కి వచ్చింది. వెళ్లేముందే అడిగి తెలుసుకుంటే టెన్షన్ ఉండదు.

సుత్తి కూడా చూసుకోండి. వడ్రంగి సుత్తి రాతి మీద వాడితే దాని ఉక్కు పెచ్చులు లేచి కళ్లలో పడతాయి. రాళ్ల కోసం చేసిన సుత్తి, కళ్లద్దాలు తప్పనిసరి.

పూసలపెట్టె:
కొనేవాళ్లకు కూడా ఒక మాట. ట్రైలోబైట్లలో (అంతరించిపోయిన, పురుగుల్లా కనిపించే సముద్రజీవులు) నకిలీలు ఎక్కువ. భూతద్దంలో గాలి బుడగలు కనిపిస్తే అది రెసిన్ అనే ప్లాస్టిక్‌తో పోసినది. అతినీలలోహిత దీపం కింద అతికించిన చోట వేరే వెలుగు వస్తుంది. కళ్లు పెద్దగా ఉండే ఫాకాప్స్ లాంటి రకమైతే కంటిలో వరస వరసగా కటకాలు విడివిడిగా కనబడాలి, ముద్దలా ఉంటే అనుమానించండి. 1999లో ఆర్కియోరాప్టర్ అనే శిలాజం, డైనోసార్లకూ పక్షులకూ మధ్య లంకె అంటూ పెద్ద పత్రికలోనే వచ్చింది. తర్వాత పరిశీలిస్తే పక్షి శరీరానికి వేరే డైనోసార్ తోక అతికించారని బయటపడింది.

రాళ్లబాట:
గని యజమానితో మాట్లాడి మళ్లీ వెళ్లొచ్చాను. అమ్మోనైట్ రాలి పడిన గుట్టకు సరిగ్గా పైన అదే బూడిద రంగు పొర ఉంది. దాని ఫోటో, జీపీఎస్ అంకెలు రాసుకున్నాను. భూగర్భ పటంలో ఆ ప్రాంతం జురాసిక్ అని చూపిస్తోంది. ఇంకో విషయం, మట్టి పోయాక చూస్తే గుల్ల మీది ఉబ్బెత్తు గీతలు బయటి అంచుకు వెళ్లేలోపు ఒక్కొక్కటి రెండుగా చీలుతున్నాయి. అంచు మీద గట్టు లేదు, గుండ్రంగానే ఉంది.

గవ్వలగూడు:
బాగా చూశారు! గీతలు రెండుగా చీలడం, అంచున గట్టు లేకపోవడం, లోపలి చుట్లు కూడా బాగా బయటికి కనబడటం, రాయి జురాసిక్ కావడం, ఇవన్నీ కలిపితే పెరిస్ఫింక్టిడ్ కుటుంబం వైపు వెళ్లొచ్చు. ఆ కుటుంబంలో చాలా జాతులున్నాయి కాబట్టి లేబుల్ మీద "పెరిస్ఫింక్టిడ్?" అని ప్రశ్నార్థకంతోనే రాయండి. పక్కనుంచి ఒకటి, అంచు వైపు నుంచి ఒకటి, స్కేలు పెట్టి, పక్క వెలుతురులో రెండు ఫోటోలు తీసి ఆ పొర ఫోటోతో కలిపి మ్యూజియం వాళ్లకు పంపండి. గుట్టలో అదే రకం ఇంకా పడి ఉంటే, చిన్న ముక్క అయినా సరే, విడి సంచిలో విడి అంకెతో పెట్టండి.