‘రుణాత్మక పునర్బలనం’: తెలుగులో ఏమంటే అర్థమవుతుంది?

ప్రశ్న: నెగెటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్‌ను మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ‘రుణాత్మక పునర్బలనం’ అంటున్నారు. ‘ప్రతికూల పునర్బలనం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ వింటే దండన అనే తడుతోంది. ఏది వాడాలి?

జవాబు: దండన కాదండీ, అందరూ బోల్తా పడేది అక్కడే. పునర్బలనం అంటే ఒక పని చేసే అలవాటును బలపరచడం, కాబట్టి ఆ పని పెరగాలి. తగ్గితే దండన. ‘రుణ’ అంటే ఇక్కడ లెక్కల్లోని తీసివేత గుర్తు, అంతే. కారులో బెల్టు పెట్టుకోకపోతే బీప్ బీప్‌మని మోగుతుంది, క్లిప్పు టక్కున పడగానే ఆగుతుంది. పోయింది మోత, పెరిగింది బెల్టు పెట్టుకునే అలవాటు. అల్లరి చేశాడని పిల్లాడి ఫోన్ లాక్కుంటే, అక్కడా తీసివేతే. కానీ దానివల్ల అల్లరి తగ్గితే అది రుణాత్మక దండన. ‘ప్రతికూల’ మాత్రం వద్దు, చెడు అనే అర్థాన్ని వెంటబెట్టుకొస్తుంది.

మరో జవాబు: తికమక మూలంలోనే ఉంది. 1938లో అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ ఈ మాటను దండనకు దగ్గరి అర్థంలో వాడి, 1953 పుస్తకంలో ఇప్పటి అర్థానికి మార్చాడు. 1975లో మరో మనస్తత్వవేత్త జాక్ మైకేల్ ధన (ఏదైనా చేర్చడం), రుణ (తీసేయడం) అనే విభజనే అక్కర్లేదన్నాడు. చలికి హీటర్ వేస్తే వెచ్చదనం వచ్చినట్టా, చలి పోయినట్టా?

ఇంకో జవాబు: ‘పోరు పడలేక’ అని మనవాళ్లు రోజూ అనేది ఇదే కదండీ! పిల్లాడు ఏడుస్తాడు, పోరు పడలేక తల్లి ఫోన్ ఇస్తుంది, ఏడుపు ఆగుతుంది. ఇవ్వడం అనే తల్లి అలవాటుకు రుణాత్మక పునర్బలనం, ఏడవడం అనే పిల్లాడి అలవాటుకు ధనాత్మకం. ఒకే క్షణంలో ఇద్దరూ నేర్చుకుంటున్నారు. అయితే పని అయిన వెంటనే పోరు ఆగాలి. గిన్నెలు కడిగాక కూడా ‘ఇప్పటికి తీరిందా?’ అని సాధిస్తే, కడగడం బలపడదు సరికదా, దానికి దండన పడ్డట్టే.

ప్రశ్న అడిగినవారు: మరి ‘తప్పించుకోవడం’ అనొచ్చా?

జవాబు: ఆ మాట రెండింటికీ సరిపోతుంది, అదే చిక్కు. మోత మొదలయ్యాక బెల్టు పెట్టుకుంటే పలాయనం, మోగకముందే పెట్టుకుంటే పరిహరణ. రెండోది మొండిది. కష్టమైన ఫోన్‌కాల్‌ను రేపటికి నెట్టగానే ‘హమ్మయ్య’ అనిపిస్తుంది, ఆ హమ్మయ్యే మళ్లీ వాయిదా వేయిస్తుంది. అవతలివాళ్లు నిజంగా తిడతారో లేదో తేలే సందర్భమే రాదు కాబట్టి భయం అలాగే ఉండిపోతుంది. వ్యాసంలో అయితే మొదటిసారి ‘రుణాత్మక పునర్బలనం’ అని రాసి, పక్కనే ‘బాధ తొలగడం వల్ల అలవాటు బలపడటం’ అని విప్పి చెప్పండి.